మెత్తబొక్క

సుక్కమ్మకు కబురు పెట్టినవా? సిగ్గు లేదా నీకు! ఎదురుకాళ్లతోని పుట్టినామె కాలు తాకిస్తే నడుంపట్టు పోతదేమో, ఇది పట్టు గాదు కాశయ్యా. ఆఁ, పేరు పెట్టే పిలిచిన. మొగని పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతదంటరు గద, తగ్గనీ.

జర ఇటు తిరుగు. అబ్బా అన్నవా? అంటవ్ మరి. పక్కకు ఒత్తిగిలితే నొస్తది. దగ్గితే నొస్తది. పొద్దుగాల తుమ్ము వస్తుంటే ముక్కు పట్టుకొని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నవ్, సూడలేదనుకున్నవా?

ఇగో, ఎదబొక్క పక్కన వేలు పెడుతున్న. ఈడనే గద? అరవకు, వాడకు ఇనపడుతది. పక్కబొక్కలు ఎదబొక్కకు అతికేకాడ మెత్తబొక్క ఉంటది, చెవి లెక్క వంగే ఎముక. గది దెబ్బతిన్నది. గుండెనొప్పి గాదు, దిష్టి గాదు. నెత్తురు ఉమ్ముతలేవు, కూసున్నకాడ ఊపిరి ఎగపోస్తలేదు. గట్లయితే ఈపాటికి ఎడ్లు కట్టి పట్నం దవాఖానకు తోలుదును.

దొర గడి నుంచి సుంకరి వచ్చి వెట్టికి ఎందుకు రాలేదంటే, ఇబ్రహీంపట్నం కట్ట దిగంగ బండి మీదికెల్లి పడ్డడని చెప్పాల్నా? బండి మీదికెల్లి పడ్డోనికి మోచెయ్యి గీసుకపోదా? మోకాలు పగలదా? ఒంటిమీద ఒక్క గీత లేదు, ఎదమీద మాత్రం చెప్పు మడమంత నల్లటి మచ్చ! ఆలస్యమైందని దొర జవాను తన్నిండు. గా మాట నీ నోట్లకెల్లి రాదు. ఎట్ల వస్తది? బయటపడితే మల్ల తంతరు.

గీ మెత్తబొక్క సంగతి నాకెట్ల ఎరుకనా? పుస్తకంల చదివిన. అవ్, గదే, మా అన్న పట్నంకెల్లి తెచ్చిన వైద్యం పుస్తకం. అది చదువుకుంట గట్క మాడగొట్టిన్నని ఇంటి కడప కాడ నన్ను తన్నినవ్, యాదికున్నదా? గిదే జాగల. ఊరోళ్లకు ఏం చెప్పిన? కడవతోని జారిపడ్డ అన్న. పట్టు పట్టిందని గా సుక్కమ్మను తోల్కొచ్చింది నువ్వే. నీ తన్ను మీద ఆమె తన్ను! లేవలేక పండుకొని మిగిలిన పేజీలు తిప్పితే, నా నొప్పి అండ్లనే కనపడ్డది.

గట్టిగ కట్టు కట్టుకోకు, ఊపిరి మెసలదు. కాపడం పెడుత. బరువు ముట్టకు. నవ్వితే గూడ నొస్తది. ఈ ఇంట్ల ఆ ఫికర్ ఎట్లాగూ లేదు.

ఏడుస్తున్నవా? ఏడిస్తే ఇంకింత గుంజుతది. నాకెరుకే.

అగో, సుంకరి ఒర్రుతున్నడు. సప్పుడు చెయ్యకుండ పండు. నాకు కడవ దొరికింది, నీకు బండి దొరికింది.

ఆఁ, వస్తున్న, ఆగు! ఏడికి వస్తడయ్యా ఈయన? బండి మీదికెల్లి పడ్డడు... లేదు, లేదు, ఎవ్వలేం చెయ్యలే. ఊకెనే పడ్డడు.