నల్లబడ్డ తెరను వెలిగించిన మన పెద్దక్క

1992 జూన్ పదిహేనవ తేదీ ఉదయం మన ఆసుపత్రి రికార్డుల గదిలో టైపిస్టుగా అడుగుపెట్టిన ఒక యువతి, ఈ నెలాఖరున కంప్యూటర్ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. నర్సులు మొదలు సర్జన్ల వరకు అందరికీ ‘పెద్దక్క’ అయిన ఆ విదుషీమణిని అభినందించడం ఈ సంచికకు దక్కిన గౌరవం.

టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చిన కాలంలో ఎందరో ముఖం చిట్లించగా, పెద్దక్క నడుం బిగించి, సాయంకాలపు తరగతుల్లో చేరి, కంప్యూటరును నడిపే లినక్స్ వ్యవస్థను క్షుణ్ణంగా అభ్యసించారు. స్కాన్ చిత్రాలను అన్ని కోణాల్లో తిప్పి చూపే యంత్రాన్ని ఆసుపత్రి కొన్నప్పుడు, అందులో చిత్రాలను తెరమీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డును నడపడానికి లినక్స్‌తో వచ్చిన డ్రైవరు అనే ప్రోగ్రాము చాలలేదు. మెదడు చిత్రం నత్తనడక నడిచేది. కార్డు చేసిన కంపెనీ వారి సొంత డ్రైవరే ఎక్కించాలి. లోపలి గుట్టు ఎవరికీ విప్పని ఆ డ్రైవరు మహా పెంకిది! పాత డ్రైవరును పూర్తిగా పక్కన పెట్టనిదే పలకదు. లినక్స్‌కు మూలమైన కెర్నెల్ మారిందంటే, తననూ తిరిగి తయారుచేయమని మొండికేస్తుంది. తెర ఆరిపోయినా లోపలికి వెళ్లేలా, పక్క కంప్యూటరు నుంచి దారి తెరిచి ఉంచాకే దాన్ని ముట్టుకోవాలన్నది పెద్దక్క నియమం.

ఒకనాడు వారు భర్తతో సముద్రం చూడటానికి బస్సెక్కారు. ఊరు దాటకముందే ఫోను మోగింది. అప్‌డేటులో కెర్నెల్ మారి, తెర నల్లబడింది. ఆపరేషన్ బల్లమీద రోగి సిద్ధంగా ఉన్నారు.

“చూడకుండా కోయమంటారా అక్కా?” అన్నారు ఫోనులో సర్జన్‌గారు.

“అయ్యో, కోయకండి బాబూ! తెర ఆరిందంతే, మిషను బతికే ఉంది. దిగి వచ్చేస్తున్నా!”

వచ్చి, పక్క కంప్యూటరు నుంచి ప్రవేశించి, కొత్త కెర్నెల్‌కు తగినట్లు డ్రైవరును తిరిగి తయారుచేయగా, రక్తనాళాలతో సహా మెదడు చిత్రం తెరమీద నిలిచింది. ఆ రోగి కోలుకుని నడిచి ఇంటికి వెళ్లారు. సముద్రం మాత్రం అలాగే మిగిలిపోయింది. ఎప్పుడు బయలుదేరినా ఫోను మోగేది. “ఆ కంప్యూటరు నాకు సవతి అయి కూర్చుందండీ!” అని వారి భర్త మన ముందే వాపోయేవారు.

విరమణ దగ్గరపడేకొద్దీ పెద్దక్కను ఒకటే బెంగ పట్టుకుంది. తాను వెళ్లాక తెర ఆరిపోతే రోగి గతేమిటి? అందుకే తన స్థానంలోకి రానున్న ఇంజనీరుకు పక్కన కూర్చుని, విసుగూ విరామం లేకుండా పనంతా నేర్పారు.

గత వారం కొత్త కార్డు అమర్చి, డ్రైవరు ఎక్కించగానే తెర నల్లబడింది. మర్నాడే ఆపరేషన్. అందరి చూపులూ పెద్దక్క వైపే తిరిగాయి. వారు లేవబోయారు.

“మీరు కూర్చోండక్కా,” అన్నారు ఇంజనీరు, తల తిప్పకుండానే. “దారి ముందే తెరిచి పెట్టాను.”

కాసేపటికి తెర వెలిగింది. చిత్రం గిర్రున తిరిగింది. పెద్దక్క కళ్లు చెమర్చాయి. ఆ ముఖంలో అంతటి గర్వాన్ని మనం ఎన్నడూ చూడలేదు. అక్కడికక్కడే భర్తకు ఫోను చేశారు.

“ఏమండీ, సముద్రానికి టికెట్లు తీసుకోండి. ఈసారి మధ్యలో దిగేది లేదు!”

ఆ దంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో పదికాలాలపాటు చల్లగా ఉండాలనీ, బస్సు కదిలాక వారి ఫోను మోగితే, అది “సముద్రం ఎలా ఉందక్కా?” అని అడిగే మన పిలుపే కావాలనీ మనసారా కోరుకుందాం.