కావడి దోవ కానుగచెట్లు

ఏం పాపా, కాలేజీలో ఇచ్చినారా ఆ మొక్క? కానుగే కదా. తిరుత్తణి రోడ్డులో నాటమన్నారా, సరే సరే. ఎండ తగ్గల్లంటే చెట్లు పెట్టల్లని ఇప్పుడు టీవీలో కూడా చెప్తాండారు. మా వాసుదేవన్న అప్పుడే చెప్పినాడు, ఎవురు విన్నారు? నువ్వు పుట్టకముందే పోయినాడులే ఆయన. ముక్కోపి మనిషి, కాఫీలో చక్కెర తక్కువైతే గ్లాసు అట్నే పెట్టేసి లేచిపోతాడు... ఆఁ, యాడున్నా? ఆయన పెండ్లాం కాంచనక్క ఆడికృత్తిక పండగకి తిరుత్తణి సామికి కావడి ఎత్తుకోని అత్తిమంజేరిపేట నుంచి ఒట్టికాళ్ళతో నడిచింది. ఆ పొద్దు తారు కరిగి కాళ్ళకు అంటుకుంటా ఉండె. దోవలో నిలబడేదానికి ఒక్క చెట్టు లేదు. కావడి దించకూడదని ఆయమ్మ పట్టు. పడిపోయింది, ఆస్పత్రికి పోయేలోపలే ప్రాణం పోయింది.

దినాలు అయినాక వాసుదేవన్న ఆ దోవ పొడుగునా కానుగ మొక్కలు పెట్నాడు. సైకిల్‌కి బిందెలు కట్టుకోని నీళ్ళు మోసినాడు. "ఎండ ఏటేటికీ ముదురుతాంది రా, దాన్ని తాగేది చెట్టొకటే. ఇంకో ఇంట్లో దీపం ఆరిపోకూడదు" అనేటోడు. బాగా పెరిగినాయి. కొమ్మలు నరికేవాళ్ళతో పడలేక ఒక్కోదానికి పసుపు గుడ్డ కట్టినాడు. పసుపు గుడ్డ కట్టిన చెట్టు మీద కత్తి పెడతామా మనం? ఒక్కరు తాకలేదు. ఆయన చేసిన తప్పు అదే పాపా.

చెట్టులో సామి ఉండాడన్నారు. మాను మొదల్లోనే కర్పూరం వెలిగించినారు, నూనె పోసినారు. సిమెంటు అంగడి తణికాచలం మొక్కుకున్నాడని మాను చుట్టూ అరుగు కట్టించినాడు, వేరుకు చుక్క నీళ్ళు దిగే సందు లేకుండా. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి ఇంకొకరు. ఆకులు పండబారినాయి. వాసుదేవన్న ఇల్లిల్లూ తిరిగి బతిమాలినాడు, "అరుగు తియ్యండ్రా, సామి యాడికీ పోడు" అని. "సామి కుత్తం ఆయిడుం అన్నా, సామికి కోపం వస్తే ఊరంతటికీ చేటు, పోయి పండుకో" అన్నాడు తణికాచలం. కడాకు ఈయనే గడ్డపార తీసుకోని ఒక అరుగు పగలగొట్నాడు. కొట్టినారు పాపా. ఆ నీడలో కూర్చున్నోళ్ళే కొట్టినారు. మళ్ళా మంచం దిగలేదు ఆయన.

చెట్లన్నీ ఎండిపోయినాయి. అరుగులు మాత్రం ఉండాయి, సామికి ఎండ తగలకూడదని పైన రేకులు వేసినారు. కావడి ఎత్తినోళ్ళు తారు మీదే నడస్తాండారు. పోయినేడు ఆ రేకులకు ఎదురుగ్గానే ఒక ఆడబిడ్డ పడిపోయింది. యా ఊరిదో, ఎవురి పెండ్లామో...

పో పాపా, మీ అవ్వ పిలస్తాంది చూడు.