రేవులో ఓడలాపిన ప్రెజెంటేషన్

మలేసియాలోని క్లాంగ్‌లో కూర్మమ్మత్త టీ కొట్టు దగ్గర సాయంత్రాలు తాతబాబు నోరు తెరిచాడంటే మిగతావాళ్లం మూసుకోవలసిందే. రేవులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నలభై దాటాక, శని ఆదివారాలు యూనివర్సిటీకి పోయి బిజినెస్ డిగ్రీ చదువుతున్నాడు. ఆ రోజు మాలో మోసెస్ ఊరుకోలేక, "ఏటి బావా, నీ సదువు ఎంతవరకొచ్చినాది?" అనడిగాడు. అంతే.

"అయిపోనాదిరా! ఆకరి ప్రెజెంటేషన్ ఇచ్చీసినాను. నాను గొప్పలు సెప్పుకునీవోణ్ని కాను, మీకు తెల్సు గదా, అందుకే ఇన్నాళ్లూ నోరిప్పనేదు. బాగన్ దాతుక్ ఊరి కొబ్బరినూనె సీసాల్లో పోసి అమ్మితే యేపారం ఎలగుంటాదీ అన్నాది మా గుంపుకిచ్చిన పని. గుంపులో మిగతావోళ్లంతా పిల్లలు, నా కూతురీడోళ్లు. 'అంకుల్, మీరు మొదలెట్టండి' అన్నారు. సరే అనీసి టై సర్దుకొని లెగిసినాను. గుడ్ మార్నింగ్ అన్నాను. అన్నానో నేదో, ఎనక వరసలో నిద్దరోతున్నోళ్లంతా లెగిసి తిన్నగా కూకున్నారు."

"ఒక్క గుడ్ మార్నింగ్‌కేనా?" అన్నాడు మోసెస్.

"గొంతు అలాటిది లా!" అన్నాడు, ఇక్కడందరిలాగే మాట చివర లా తగిలించి. "మా మేడమ్ ఉంది సూడు, మహా పొగరు మనిషి, టైమైపోతే మాట మద్దిలోనే గంట కొట్టీసి కూకోమంటాది. ఆ యమ్మ గంట సేతిలో పట్టుకొని అలాగే ఉండిపోనాది. కొట్టడం మర్చిపోనాది. నాను సెప్తనే ఉన్నాను. మార్కెట్టంటే ఏటి, గిరాకీ అంటే ఏటి, కొన్నోడి మనసేటి, కొననోడి మనసేటి... పక్క గదిలో అకౌంట్స్ కిలాసు జరగతన్నాది, ఆళ్లందరూ పుస్తకాలొగ్గీసి మా కిటికీలెక్కీసినారు. ఆళ్ల ఎనకాల ఆళ్ల మాస్టరు. ఆయనకి సోటు దొరక్క ఓ పిల్లోడి బుజాలెక్కి కూకున్నాడు. ఆ తర్వాత ఏటయిందో తెల్సునా?"

"డీన్ వచ్చినాడు," అన్నాను నేను, ఊరికే.

"నీకెలా తెల్సు? వచ్చినాడు! పరిగెట్టుకుంటా వచ్చినాడు. 'ఎవరిదా గొంతు?' అన్నాడు. అప్పుడు బయట ఒకటే వాన. నాను లాభాల సంగతికొచ్చీసరికి ఆ వాన సప్పుడాపీసినాది. పడతన్నాది, సప్పుడు మాత్రం నేదు. ఇనాలి గదా మరి! యూనివర్సిటీ ఎనకాల రైలు పట్టాలున్నాయి గదా, కొమ్యూటర్ రైలొకటి ఎల్తా ఎల్తా ఆగిపోనాది. డ్రైవరు దిగొచ్చి, 'అయ్యా, ఆ గిరాకీ ముక్క ఇంకోపాలి సెప్పండి' అని దణ్ణం ఎట్టినాడు."

"రైల్లో జనం తిట్టనేదేటి?" కూర్మమ్మత్త నురగ టీ తే తారిక్‌ని ఈ చెంబులోంచి ఆ చెంబులోకి తిరగబోస్తూనే అడిగింది.

"తిట్టడమేటత్తా, ఆళ్లూ దిగొచ్చీసినారు! ఇంతలో ఓ పిల్లోడు నన్ను ఫోన్లో తీసి లైవ్ ఎట్టీసినాడు. అది పోయి పోయి మన రేవుకి సేరినాది. క్రేనుల మీదున్నోళ్లు సేతులాపీసినారు. కంటైనర్లు గాల్లో ఏలాడతన్నాయి. ఓడలు ఎక్కడివక్కడ నిలబడిపోనాయి. ఓ గ్రీకు కేప్టెనయితే, 'ఈ పెద్దమనిషి సెప్పిన కొబ్బరెక్కడ?' అనీసి ఓడ తిప్పీసి బాగన్ దాతుక్ ఎల్లిపోనాడు."

"ఎల్తే?"

"ఎల్తే ఏటి, అక్కడ కొబ్బరిసెట్లు అప్పటికే ఇనీసినాయి. ఎవ్వుడూ ఎక్కక్కర్నేదు. వరసగా వొంగి కాయలు ఆటంతట అయ్యే ఓడలో ఎట్టినాయి."

"ఒలిచి పెట్టాయా, పీచుతోనేనా?" అన్నాను.

తాతబాబు నా వైపు జాలిగా చూశాడు. "ఒలిసే! ఓడలో పీచెందుకు, బరువు కాదేటి? పీచు ఒడ్డునే కుప్పేసీసినాయి. ఇటు డీన్ నా రెండు సేతులూ పట్టుకొని, 'మీకు డిగ్రీ ఇవ్వడానికి మేమెవలం? మీరే మాకు తలో డిగ్రీ ఇచ్చీసి ఎల్లండి' అని ఒకటే ఏడుపు."

"మరి నీకు మార్కులెన్నొచ్చినాయి బావా?"

"వందకి నూటపది. అదీ నాను వొద్దంటే తగ్గించినారు."

మోసెస్ నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంటుండగా కొట్టు ముందు ఓ బైకు ఆగింది. హెల్మెట్ తీసిన పిల్ల తాతబాబు గుంపులో చదివే మోగన. తెలుగు బాగానే అర్థమవుతుంది ఆ పిల్లకి, మాట్లాడటమే కొంచెం తడబాటు.

"అంకుల్! ఎన్నిసార్లు కాల్ చేసినాను! ఫోన్ ఎందుకు ఆఫ్ లా? ఇంట్లో ఆంటీ ఇక్కడ చూడమన్నారు, పొద్దున్నుంచి మీరేం తినలేదంట. రిజల్ట్ వచ్చేసింది, పొద్దున్నే!"

తాతబాబు చేతిలో గ్లాసు గాల్లో ఆగింది.

"రైలాగిపోనాదంట గదమ్మా మీ అంకుల్ మాటాడితే?" అంది కూర్మమ్మత్త.

"రైలా?" మోగన తెల్లబోయింది. "అంకులే ఆగిపోయినారు ఆంటీ. గుడ్ మార్నింగ్ అన్నారు. తర్వాత మాట రాలేదు. మళ్లీ గుడ్ మార్నింగ్ అన్నారు. మేడమ్ మంచినీళ్లిచ్చి కుర్చీ వేసింది. అప్పుడు కూర్చుని, స్లైడ్ చూసి చదివినారు. పాపం లా. పోయినసారి ఈ సబ్జెక్ట్ ఫెయిల్ కదా. ఇప్పుడు కూడా పోతే కోర్స్ నుంచే తీసేస్తారు, అదే భయం."

చెప్పాక మా మొహాలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫెయిలైన సంగతి మాకెవరికీ తెలీదు.

మోసెస్ గుడ్డ తీసుకుని, టీ ఒలికిన మేర కంటే చాలా ఎక్కువ బల్ల తుడిచాడు.

తాతబాబు జేబులోంచి ఫోన్ తీసి, ఆన్ చేసి, మోగన చేతిలో పెట్టాడు. "నువ్వే సూడమ్మా. నా వల్ల కాదు." పాస్‌వర్డ్ ఆ పిల్ల చెవిలో చెప్పి, రోడ్డు మీద పోయే కార్ల వైపు తిరిగి నిలబడ్డాడు. కూర్మమ్మత్త స్టవ్ తగ్గించింది. మోగన వేలు తెర మీద పైకీ కిందికీ పోతోంది.

"సీ ప్లస్, అంకుల్."

"సీ ప్లస్ అంటే?" అటే తిరిగి అడిగాడు.

"పాస్! పాస్ అంకుల్!"

"మల్లీ రాయక్కర్నేదా?"

"అక్కర్లేదు లా. డిగ్రీ అయిపోయింది."

"పేరు సూడు. నాదేనా?"

మోగన పేరు పైకి చదివింది. ఇంకోసారి చదవమన్నాడు, చదివింది. అప్పుడు వచ్చి బెంచీ మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఎన్నాళ్లుగా బిగబట్టాడో, పెద్ద ఊపిరి ఒకటి బయటికొచ్చింది. మోసెస్ పక్కకి జరిగి వీపు మీద చెయ్యేశాడు.

కాసేపటికి తాతబాబు లేచి, ఫోన్ తీసుకుని, ఇంట్లో ఉన్న భార్య నాగవల్లక్కకి కలిపాడు. ఇప్పుడు అసలు కథ మొదలవుతుందని మేం సర్దుకుని కూర్చున్నాం.

"పాసైపోనానే," అన్నాడు.

అంతే. అవతల అక్క ఏదో చాలాసేపు చెప్పింది, అతను ఊఁ కొడుతూ ఉన్నాడు.

"ఊఁ," అన్నాడు చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "ఊఁ. ఇప్పుడు తింతాన్లే."

కూర్మమ్మత్త అడక్కుండానే పెనం మీద రోటీ వేసింది.