ఆదివారపు పాటకు అనుమతి తెచ్చిన మా పాటలక్క

పందొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూలై ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయం, గీత రచయితల, స్వరకర్తల తరఫున అనుమతులు జారీచేసే మా కార్యాలయంలో సూచికల విభాగపు గుమాస్తాగా చేరిన ఇరవై ఆరేళ్ళ యువతి, ముప్పై నాలుగేళ్ళ నిర్విరామ సేవానంతరం, ప్రధాన పర్యవేక్షకురాలి హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. సేవా పుస్తకంలో వారి పేరు ఏదైనా, హోటళ్ళ యజమానులు, డీజేలు, కరోకే నిర్వాహకులు, చివరికి మా డైరెక్టరుగారు సైతం వారిని "పాటలక్క" అనే పిలిచారు. వారి ఎదుటి బల్ల వద్ద పంతొమ్మిదేళ్ళు కూర్చునే భాగ్యం కలిగినవాడిగా, ఈ నాలుగు మాటలు రాసే బాధ్యతను సంతోషంగా స్వీకరించాను.

తొలి ఏడేళ్ళూ వారి ప్రపంచమంతా చెక్క సొరుగులు, వాటిలో నిలువుగా పేర్చిన కార్డులు. ఏ పాటకు సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది అనే వివరం ఒక్కొక్క కార్డు మీద ఉండేది. ఒకే పొడి అక్షరాలు గల ఇద్దరు రచయితల పాటలు ఏళ్ళ తరబడి కలగాపులగమై ఉన్నాయని మొదట పసిగట్టింది వారే. ఎవరూ అడగకపోయినా, నాలుగు నెలలపాటు భోజన విరామాల్లో కూర్చుని, నూట పన్నెండు పాటలను వాటి అసలు కర్తల చెంతకు చేర్చారు. ఆ కర్తల్లో ఒకరి భార్య ఆఫీసుకు వచ్చి, "మా ఆయన రాశారని మేం చెబితే ఎవరూ నమ్మలేదమ్మా, మీ కార్డు చెబితే నమ్మారు" అన్నారట. నియమాల పట్ల వారికి గల గౌరవం ఆ మాటలోంచే పుట్టిందని నా నమ్మకం.

తొంభై ఎనిమిదిలో అనుమతుల కౌంటరుకు మారారు. ఆ కౌంటరుకు నవ్వుతూ వచ్చేవారు బహు తక్కువ. ఒకనాడు, వేడుకల్లో మంచి గిరాకీ ఉన్న ఒక డీజే, నల్ల కళ్ళద్దాలు నెత్తికెత్తుకుని, సీడీల పెట్టెను బల్ల మీద ధడేల్మని పెట్టాడు.

"ఇవన్నీ కొన్నవే అక్కా. దొంగ సరుకు ఒక్కటీ లేదు. మళ్ళీ లైసెన్సేంటి?"

"ఎవరి కోసం కొన్నావు?"

"నా కోసమే."

"మరి నిన్న హాల్లో ఉన్న నాలుగొందల మందీ మీ ఇంటివాళ్ళేనా?"

అతడు నెత్తిమీది కళ్ళద్దాలు తీసి చేతబట్టుకుని, "మా ఇంట్లో అంతమందికి చోటు లేదక్కా" అన్నాడు.

"అదే నేను చెప్పేది. ఇంట్లో వినడం వేరు, పదిమందికి వినిపించడం వేరు. పాట కట్టినవాళ్ళొకరు, రికార్డు చేసినవాళ్ళొకరు. ఇద్దరి అనుమతీ కావాలి. ఏ ఫారం ఎలా నింపాలో చూపిస్తా, కూర్చో."

ఆ డీజే మరుసటి వారం తన వృత్తివారు పదకొండు మందిని వెంటబెట్టుకొచ్చి, కౌంటరు ముందు వరుసలో నిలబెట్టాడు.

వారి సేవలో నాకు అన్నిటికన్నా మిన్నగా తోచే ఘట్టం మాత్రం పన్నెండేళ్ళ కిందటిది. అప్పటికి వారు క్షేత్ర పరిశీలకులు, నేను వారికి సహాయకుణ్ణి. అనుమతి తీసుకుని, అతిథులు తెర చూసి పాడుకునే కరోకే నడుపుతున్న ఒక రెస్టారెంటు యజమాని, తన వీధిలోనే ఒక టైలరు దుకాణంపై గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం అనుమతి లేకుండా కరోకే జరుగుతోందని ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు న్యాయమైనదే. నిలిపివేత నోటీసును సంచిలో పెట్టుకుని ఇద్దరం వెళ్ళాము.

ఇరుకు మెట్లెక్కి చూద్దుము గదా, ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఒక టీవీ, దాని కింద పాత కరోకే యంత్రం. కూర్చున్నవారు పదకొండు మంది. అందరూ పక్షవాతంతో మాట పోగొట్టుకున్నవారే. మైకు కింది దుకాణం టైలరుగారి చేతిలో ఉంది. మంచినీళ్ళు కావాలని అడగడానికి కూడా నోరు పెగలని ఆ మనిషి, తెర మీద అక్షరాలు కదులుతుండగా, పాటను ఒక్క మాట తడబడకుండా పాడుతున్నారు.

"రెండేళ్ళయింది మేడమ్, నన్ను పేరు పెట్టి పిలిచి. పాటలో మాత్రం మాటలన్నీ వచ్చేస్తాయి. డాక్టరుగారే పాడించమన్నారు" అన్నారు ఆయన భార్య. మా మెడలోని గుర్తింపు కార్డులు చూసి ఆవిడ అప్పటికే యంత్రానికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

అక్కగారు నోటీసు తీయలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ గదిలోకి వచ్చినవారెవరైనా ఒక పాట పాడి తీరాలన్నది అక్కడి పద్ధతి కావడంతో, మైకు వారి చేతికీ వచ్చింది. వేలాది పాటల పుట్టుపూర్వోత్తరాలు నాలుక చివర ఉన్న మా పాటలక్క పాడితే యంత్రం నూటికి ఇరవై రెండు మార్కులు వేసింది. టైలరుగారు కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వు చూసి ఎన్నాళ్ళయిందోనని భార్య కళ్ళు తుడుచుకున్నారు.

వచ్చేటప్పుడు అక్కగారు ఆవిడతో అన్న మాటలు నాకు బాగా జ్ఞాపకం. "ఆపమని చెప్పడానికొచ్చానమ్మా. ఆ మాట చెప్పను. అలాగని ఏమీ చూడలేదని కూడా రాయలేను. నాకు కొంచెం టైమివ్వండి."

దారిలో ఉండబట్టలేక అడిగాను. "గది తాళం వేసుంది అని రాస్తే పోయేది కదక్కా?"

"తీసే ఉంది కదా తమ్ముడూ" అన్నారు.

నివేదికలో ఉన్నదున్నట్టు రాశారు. అనుమతి లేకుండా పాటలు వేస్తున్నారనీ, అయినా చర్య తీసుకోకపోవడానికి బాధ్యత తనదేననీ సంతకం చేశారు. సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. ఆ ఏడాది రావలసిన పదోన్నతి ఆగిపోయింది. వారు మాత్రం ప్రవేశ రుసుము లేని చికిత్సా గదుల కోసం ప్రత్యేక అనుమతి తరగతి ఉండాలని ఆరు పేజీల ప్రతిపాదన రాసి, పాలకవర్గం ముందుంచారు.

పాలకవర్గంలోని వృద్ధ గీత రచయిత ఒకరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. "నాకు పాటే బతుకుదెరువమ్మా. ఇవాళ ఒక గదికి ఊరికే ఇస్తే, రేపు ప్రతి హాలూ ఆస్పత్రినే అంటుంది."

"మీరన్నది నిజమే సార్. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. ఒక్క ఆదివారం వచ్చి చూడండి. ఆ తర్వాత వద్దంటే నా కాగితం నేనే వెనక్కి తీసుకుంటాను."

ఆయన వచ్చారు. గంటసేపు కూర్చుని విన్నారు. ఉన్నట్టుండి లేచి, తెర దగ్గరికి నడిచి, వేలు పెట్టి చూపిస్తూ, "ఈ చరణంలో మాట తప్పు పడింది. వీళ్ళు తప్పుమాట నేర్చుకుంటున్నారు. పైగా రాసినవాడి పేరెక్కడ?" అన్నారు. ఆ పాట ఆయనది కాదు, ఎప్పుడో కాలం చేసిన ఆయన సమకాలికునిది. తప్పుల్లేని సాహిత్యం తానే దగ్గరుండి సరిచూసి ఇస్తాననీ, ప్రతి పాటకు ముందు కర్తల పేర్లు తెర మీద కనిపించాలనీ, నెలనెలా పాడిన పాటల జాబితా ఆఫీసుకు చేరాలనీ ఆయన షరతులు పెట్టారు. ఆ షరతులే తర్వాతి నెలలో నియమాలయ్యాయి. రికార్డింగు సంస్థలను ఒప్పించడానికి అక్కగారికి మరో అయిదు నెలలు పట్టింది. ఫిర్యాదు చేసిన రెస్టారెంటు యజమానికి సైతం వారే స్వయంగా వెళ్ళి సంగతి చెప్పగా, "ముందే తెలిస్తే ఆ కాగితం రాసేవాణ్ణే కాదు మేడమ్" అని, ఆయన తన వద్దనున్న రెండో యంత్రాన్ని ఆ గదికి పంపారు.

ఒక సోమవారం ఉదయం టైలరుగారు మా కౌంటరుకు వచ్చారు. భార్య కావాలనే నాలుగడుగులు వెనక ఆగిపోయారు. ఆయన కాగితం ముందుకు చాచి, పెదవులు కూడదీసుకుని, పాట ఊతమేమీ లేకుండా, "లిస్టు... తెచ్చాను" అన్నారు. అక్కగారు లేచి నిలబడి, ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని, ఎప్పటిలాగే తేదీ ముద్ర వేసి, రసీదు ఇచ్చారు. ఆ తర్వాత లోపలి గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటకు రాలేదు.

ఆగిన పదోన్నతి మరుసటి ఏడాది వచ్చింది. నేడు ఆ తరగతి కింద అరవై మూడు గదులు పాడుకుంటున్నాయి. వారి వద్ద శిక్షణ పొందిన పరిశీలకులు తొమ్మిది మంది, నోటీసు తీసేముందు కుర్చీ లాక్కుని కూర్చోవడం నేర్చుకున్నారు.

నర్సుగా పనిచేస్తున్న వారి అమ్మాయి మొన్న ఫోనులో, "అమ్మతో ఏ ఫంక్షనుకు వెళ్ళినా కష్టమే మావయ్యా. పాట మొదలవగానే బ్యాగులోంచి పెన్ను తీస్తుంది. నాన్న అయితే పెన్ను దాచేయడం కూడా మొదలెట్టారు" అని నవ్వింది. ఆ తండ్రీ కూతుళ్ళకు ఇక ఆ శ్రమ తప్పుతుంది. ఏ పాట ఎవరిదో రాసుకునే పని ఇకమీదట మాది, హాయిగా వినడం ఒక్కటే వారి పని. ఈ లోకంలో ఇంకా పుట్టవలసిన పాటలు అనేకం ఉన్నాయి. వాటన్నిటినీ, భర్త పక్కన, బిడ్డల నడుమ, మోకాళ్ళ నొప్పి కూడా అడ్డురాని ఆరోగ్యంతో, తీరిగ్గా కూర్చుని వినేటంత సుదీర్ఘమైన ఆయుస్సు మా పాటలక్కగారికి కలగాలని, కార్యాలయ మిత్రులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.