మీర్‌బాజ్ తలపాగా

“కోటవాళ్లు మన ఊట చుట్టూ కంచె వేశారని కుళ్లికుళ్లి ఏడుస్తారెందుకురా? రేపు కోటకి కొత్త కమాండరు వస్తున్నాడుగా, మాట్లాడి తీయించడానికి నన్ను పంపండి. తెల్లదొరల కాలంలో ఆ కోట స్కౌట్ల దళాన్ని నిలబెట్టిందే ఈ మీర్‌బాజ్! మిగతావాళ్లా? పిండి బస్తాలకి తుపాకులు తగిలించినట్టుండేవాళ్లు” అన్నాను.

“మరి నువ్వేం చేశావు కాకా?” తోర్‌గుల్ నా గిన్నెలో కహ్వా టీ పోశాడు.

“గస్తీకెళ్తే కనుమలో నలుగురు అడ్డమొచ్చారు. నలుగురే, అబద్ధమెందుకు. మా దొర బండ వెనక నక్కాడు. నేనో గావుకేక పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నలుగురూ నలభైమందయ్యారు!”

“కేకకి పిల్లలు పెట్టారా?” అన్నాడు ఊరిపెద్ద మలిక్ షేర్‌దిల్.

“వినాలి మలిక్ సాహెబ్! నలభై కాస్తా నాలుగువందలైంది. వడగళ్లలా పడే తూటాలని చేత్తో పట్టి, తిరిగి పేల్చాను. తర్వాత తలపాగా విప్పాను. దాని ఒక కొస కాబూల్లో ఉతికితే రెండో కొస పెషావర్లో ఆరేది. నాలుగువందలమందినీ కట్టెలమోపులా కట్టి, కొండకి ముడేసి లాగితే కొండే జరిగింది! మీ మేకలు మేస్తున్నది ఆ జరిగిన కొండమీదే, విశ్వాసం లేని జనమా!”

“మరి ఆ తలపాగా ఏది కాకా?”

“కొండకింద చిక్కుకుంది. లాగే మగాడేడి?”

మలిక్ గడ్డం నిమిరాడు. “వెళ్తానని ఇంకెవరూ అనడం లేదు. సరే, రేపు మీర్‌బాజే...”

తోర్‌గుల్ కహ్వా కూజా కింద పెట్టాడు.

“కనుమలో ఉన్నది మా నాన్నా, బాబాయిలూ. నలుగురే, అదొక్కటే నిజం. నువ్వు మా ఇంట్లో దూరి, మా అమ్మ కాళ్లముందు తలపాగా పెట్టి శరణన్నావు. ఆవిడ రొట్టె పెట్టి, నీ ముందు నడిచి కోట గుమ్మందాకా దిగబెట్టింది. ఆడమనిషి ముందు నడుస్తుంటే మనలో ఎవడు పేలుస్తాడు?”

“సాక్ష్యమేదిరా?”

“తలపాగాకి మీ దళం బిళ్ల ఇంకా ఉంది. నీ పరువని అమ్మ ఇన్నేళ్లూ పెట్టెలో దాచింది. నీ కోతలు విని విని, మొన్న కోడికింద వేసింది. పొదుగుతోంది.”

నేను నోరు తెరిచేలోపే మలిక్ లేచాడు.

“శరణడగడం తప్పు కాదు మీర్‌బాజ్. అన్నం పెట్టిన మనిషిని కథలోంచి తోసేశావు చూడు, అదీ తప్పు. రేపు తోర్‌గుల్ వెళ్తాడు. నువ్వు కోడి నీ తలపాగా మీంచి లేచేదాకా ఆగు.”