మాచర్ల అంకారావు తప్ప

మా అంకారావు లారీ ఎంత బాగా తోలతాడో నేను చెప్పలేను గానీ, తోలినట్టు చెప్పడంలో మాత్రం ఆయన్ని మించినవాడు పల్నాట లేడు. మాచర్ల లారీ స్టాండులో చెన్నమ్మ టీకొట్టు పక్కనే నా పంచర్ షాపు. ఎన్నో ఏళ్లుగా టైర్లు విప్పుకుంటూ ఆయన కోతలు వింటున్నాను. ఆ రోజు పొద్దున మాత్రం ఆయన కోతలు కోయడానికి రాలేదు. పని మీద వచ్చాడు.

నాగభూషణరావుగారి కొత్త లారీ ఎండుమిరపకాయల లోడుతో కలకత్తాకు బయలుదేరుతోంది. తోలేది అంకారావు. అందులో రెండో డ్రైవరుగా నూర్ మొహమ్మద్‌ని పెట్టించాలి. నూర్ పాత ఓనరు లారీ అమ్మేసుకున్న దగ్గర్నించీ ఖాళీగా ఉన్నాడు, ఇంట్లో భార్య సుల్తానా కుట్టుమిషను మీదే సంసారం నడుస్తోంది. "రావుగారితో నేను మాట్లాడతాగా, నువ్వు ఊరికే కూర్చో" అని అంకారావే అతన్ని తీసుకొచ్చాడు. నూర్ ఉతికిన చొక్కా వేసుకొచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. చెన్నమ్మ తళతళలాడే కొత్త స్టీలు బిందెలోంచి నీళ్లు ముంచి పొయ్యి మీది గిన్నెలో పోస్తోంది.

లోడు చూసుకోడానికి వచ్చిన రావుగారు టీ అందుకొని తనే మాట కదిపారు. "ఏందో రూలంట గదరా అంకారావూ. రోజుకి ఎనిమిది గంటలకంటే తోలకూడదంట, ఐదు గంటలు తోలితే అరగంట ఆగాలంట. ఎప్పట్నించో ఉన్నదే గానీ ఇప్పుడు గట్టిగా చూస్తున్నారంటన్నారు. ఇంకో డ్రైవరు కావాలంటావా?"

కావాలండీ, అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట కోసం నూర్ టీ తాగడం కూడా ఆపాడు.

"మామూలోడికైతే కావాలండీ" అన్నాడు అంకారావు.

ఆ 'మామూలోడు' వినగానే నేను చేతిలో జాకీ కింద పెట్టేశాను.

"మామూలోడంటే ఎవరయ్యా?" అంది చెన్నమ్మ.

"నిద్ర వచ్చేవాడు వదినా. నా సంగతి వేరు. మొన్న సిమెంటు లోడేసుకొని వైజాగ్ పోయినానా, ఇక్కడ స్టీరింగు పట్టుకున్నోణ్ణి అక్కడ వదిలినా. మధ్యలో టీ కూడా కిటికీలోంచే తాగినా. దిగి చూసుకుంటే కళ్లల్లో ఎర్రజీర లేదు, ఒళ్లు ఇప్పుడే తానం చేసినట్టుంది."

ఇంతవరకు పర్లేదు. నూర్ మెల్లిగా దగ్గాడు. "అన్నా, ఆ మాట."

"దానికే వస్తన్నారా. ఆ రూలు సంగతి నాకు తెలిసినట్టు రాసినోడికి కూడా తెలవదు. రావుగారూ, పోయినేడు ఇట్టాగే కలకత్తా పోతావుంటే ఒడిశాలో ఒక ఇనస్పెక్టరు ఆపాడు. ఎంతసేపట్నించి తోలుతుండావు అన్నాడు. మాచర్లలో ఎక్కినా సార్, ఇంకా దిగలా అన్నా. ఆయన ఠారెత్తిపోయాడు. తప్పురా, పక్కన పెట్టి పడుకో అన్నాడు."

"తెలుగులోనే అన్నాడా?" అన్నాను నేను.

"మనవాళ్లతో మాట్లాడాలని నేర్చుకున్నాడులే, కథకి అడ్డం రాబాక. నేనేమన్నానంటే, సార్, నేను పడుకునే వస్తుండా అన్నా. అదెట్టా అన్నాడు. సార్, నాకు రెండు కళ్లున్నాయి గదా, రెండూ ఒకేసారి పని చెయ్యడం దండగ గదా. బెజవాడ దాకా ఎడమది పడుకుంటది, కుడిది తోలుద్ది. బెజవాడలో డ్యూటీ మార్తది, రాజమండ్రి బ్రిడ్జీ కాడ మళ్లీ మార్తది. ఒక్కో కన్నుకి రూలు ప్రకారం రెస్టు అందుతానే ఉంది అన్నా. ఆయన నమ్మలా. నా ఎడమ కన్ను కాడ చెవి పెట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నారు రావుగారు. ఆయనకి ఇవి సరదా. గ్లాసు పక్కన పెట్టి మరీ వింటున్నారు.

"కన్ను గురక పెడుతుంది. ఆయన ఉలిక్కిపడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అయినా రూలు రూలే గదా, కళ్లు సరే, కాళ్లూ చేతుల సంగతేందన్నాడు. సార్, క్లచ్ కాలు పడుకుంటే బ్రేకు కాలు మేలుకోనుంటది, ఎడమచెయ్యి గేరేస్తే కుడిచెయ్యి కునుకు తీస్తది, నా ఒంట్లో అందరికీ షిఫ్టులుండాయి అన్నా."

"నోటికి ఏ షిఫ్టయ్యా?" అంది చెన్నమ్మ.

"నోరు పర్మనెంటు వదినా" అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా. అందరం నవ్వాం, నూర్ తప్ప. అతను రావుగారి మొహం వంక చూస్తున్నాడు. "అన్నా" అని మళ్లీ అన్నాడు. అంకారావు చెయ్యూపాడు. ఊపొచ్చాక ఆయన్ని ఆపడం లోడు లారీని దిగుడులో ఆపినట్టే.

"సరే, పెద్దాయన అంతగా అడుగుతుండాడు గదా అని పక్కనున్న డాబా హోటల్లో నులకమంచం మీద నడుం వాల్చినా. లేచి చూద్దును గదా, లారీ లేదు. దొంగలెత్తుకపోయారని నా గుండె ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొంగా లేడు, ఎవురూ లేరు. దానంతటదే పోయింది. నా చేతి కింద పెరిగిన బండి గదా, మిరపకాయలు లేటైతే సేటు తిడతాడని దానికి భయం. టోలుగేటు కాడ క్యూలో నిలబడిందంట. ఎదురు బండి వస్తే లైట్లు డిమ్ చేసిందంట. బడి నించి పిల్లకాయలు వస్తావుంటే ఆగి, హారన్ కూడా కొట్టకుండా దాటనిచ్చిందంట. ఇనస్పెక్టరు జీపులో ఎంటబడి ఆపాడు. ఆపి ఎవర్ని పట్టుకుంటాడు? డ్రైవరే లేడే. డ్రైవరు లేకపోతే గంటలు ఎవరియి లెక్కపెడతాడు? పోనిచ్చాడు. నేను డాబాలో పప్పు అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి, కలకత్తాలో సరుకు దించి, గోనెసంచుల లోడేసుకొని, నన్ను ఎక్కించుకోడానికి వెనక్కొచ్చి నిలబడుంది."

"తాళాలు?" అన్నాను.

"దానికే ఇచ్చినా" అన్నాడు. "ఇంతటితో అయిపోలా. ఇంటికొచ్చినాక ఢిల్లీ నించి ఫోను. అంకారావుగారూ, మీ వల్ల మా రూలు పరువు పోతుంది, దేశంలో డ్రైవర్లందరూ మాకూ కన్ను కన్నుకి షిఫ్టు కావాలంటన్నారు, ఏం చెయ్యమంటారు అని ఆఫీసరు బతిమాలుకుంటన్నాడు. నాకు జాలేసి నేనే రాయించినా. ఏ డ్రైవరూ ఎనిమిది గంటలకు మించి తోలరాదు, బ్రాకెట్లో, మాచర్ల అంకారావు తప్ప."

కోత అక్కడికి పూర్తయింది. ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకొని అందరి వైపూ చూశాడు.

రావుగారు లేచి పంచె సర్దుకున్నారు. "అయితే ఇంకేందిరా. నీకు రూలే లేదంటివి. బండి కూడా దానంతటదే పోద్దంటివి. రెండో డ్రైవరెందుకు, ఒక్కడివే పో."

నూర్ గ్లాసు బెంచీ కింద పెట్టి చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. సాయం చేస్తానని తీసుకొచ్చి మనిషిని నిలువునా ముంచేశాడు.

"అది కాదు రావుగారూ" అన్నాడు అంకారావు.

"ఏది కాదు? వైజాగ్ కాదా, కన్ను కాదా, లారీ కాదా?"

అంకారావు నూర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అంటే, అన్నీ నిజమేననుకోండి" అన్నాడు. అబద్ధం అని ఒప్పుకోవడానికి ఆ నోరు అప్పటికీ తిరగలేదు.

చెన్నమ్మ టీ వడపోత ఆపింది. "ఉండండి రావుగారూ. ఏమయ్యా అంకారావూ, మీ మరదలి గృహప్రవేశం సత్తెనపల్లిలో అయింది గదా, పోయినావా?"

"ఇప్పుడదెందుకు వదినా?"

"ఈయన పెళ్లాం కోటేశ్వరమ్మ ముందే అక్కడికి పోయిందండీ. ఈయన తెల్లారి ఇక్కడే టీ తాగి గుంటూరు బస్సెక్కాడు. సత్తెనపల్లిలో దిగాల. కండక్టరు తట్టి లేపితే గుంటూరు బస్టాండు. సరే, తిరుగుదారిలో దిగుదామని మాచర్ల బస్సెక్కాడు. పొద్దుగూకేలోపు ఇదే బెంచీ మీద కూర్చొని, వదినా, సత్తెనపల్లి ఎప్పుడొచ్చింది ఎప్పుడు పోయింది అని నన్నడిగాడు. పెళ్లానికేమో అర్జెంటు లోడు తగిలిందని ఫోను చేశాడు. చదివింపులకి కొన్న బిందె ఇంటికి పట్టుకుపోతే దొరికిపోతానని నా కొట్లో పెట్టిపోయాడు. మీరు ఇప్పుడు తాగిన టీ ఆ బిందెలో నీళ్లే."

అందరం బిందె వైపు చూశాం.

రావుగారికి నవ్వు ఆగలేదు. "ఏరా, ఆ రోజు రెండు కళ్లూ ఒకే షిఫ్టు ఎక్కినాయా?"

"ఆ రోజు నేను డ్యూటీలో లేను గదండీ" అన్నాడు అంకారావు తల దించుకొని. "డ్యూటీలో లేనోడు పడుకోవాల. ఒకడు పడుకుంటే ఇంకొకడు తోలాల. రూలదే గదా."

"ఆ ముక్క మొదట్లోనే అంటే ఈపాటికి పిడుగురాళ్ల దాటుండేవాళ్లు" అన్నారు రావుగారు. "నూర్, నువ్వెక్కు. ముందు నువ్వే తోలు."

నూర్ గబగబా చెప్పులు వేసుకొని స్టీరింగు ముందుకెక్కాడు. అంత వెడల్పు నవ్వు అతని మొహంలో నేనెప్పుడూ చూడలేదు. అంకారావు రెండో వైపు నించి ఎక్కి, తుండుగుడ్డ మడిచి తల కింద పెట్టుకుంటున్నాడు. చెన్నమ్మ బిందెలో మిగిలిన నీళ్లు పారబోసి, తుడిచి, కిటికీలోంచి అందించింది. "పోయేదారే గదా, మీ మరదలికి ఇచ్చిపో."

అంకారావు బిందె ఒళ్లో పెట్టుకున్నాడు. నూర్ బండి స్టార్ట్ చేసి, మేమందరం వినేట్టుగా అడిగాడు.

"అన్నా, సత్తెనపల్లిలో లేపమంటావా?"