బీచుపల్లి దాంక పోయిన బత్తాయి స్కోను

గోపాల్‌పేటలో మాసయ్య చాయ్ కొట్టు ముందు బెంచీ మీద రజాక్ కూర్చున్నాడంటే ఆ పూట చాయ్ కంటే మాటలే ఎక్కువ ఖర్చవుతాయి. పాపం, అబద్ధం చెప్పాలని చెప్పడు. నిజం ఆయన నోట్లోంచి బయటికొచ్చేసరికి పొంగుతుంది, అంతే. కానీ ఆ రోజు ఊరికే కబుర్లకు రాలేదు. హైదరాబాదులో బేకరీ పని మానేసి వచ్చి, భార్య సకీనాబీ పెంచుకున్న మేకలు అమ్మి ఇంట్లోనే ఓవెన్ పెట్టాడు. పెట్టినప్పటి నుంచి ఒక్క ఆర్డరు లేదు. "మేకలన్నా పాలిచ్చేటివి" అని ఆవిడ రోజూ అంటోంది. చర్చి పండుగకు వచ్చే రెండొందల మందికి చాయ్‌తో పాటు ఏం పెట్టాలో మాట్లాడడానికి మహిళా సంఘం ప్రేమలతక్క కొట్టుకు వస్తోందని తెలిసి, ఆమె కంటే ముందే వచ్చి బెంచీ పట్టుకున్నాడు.

ఆమె వచ్చింది. చాయ్ గ్లాసు అందుకుని, "ఏందో కొత్తది జేస్తున్నవంట గద, రజాక్?" అని అడిగింది. ఇక ఆయన్ను ఆపేవాళ్లు లేరు.

"స్కోన్ అంటరక్కా. బిస్కెట్ గాదు, కేకు గాదు, రెండింటి నడుమ. పైన జర కరకర, లోపల మెత్తగ. మైదాల జర సక్కెర, బేకింగ్ పౌడర్ కలిపి, సల్లటి వెన్న ఏసి వేళ్ల కొసలతోని నలపాలె, రవ్వ లెక్క గావాలె. దాంట్ల బత్తాయి తొక్క. పైపైన పచ్చగున్నదే గీకాలె, లోపల తెల్లది తగిలిందంటే చేదు. మా పెరట్ల వామాకు ఉన్నది సూడు, అది సన్నగ తరిగి ఏస్త. పాలు పోసి, పిసకకుండ ఊకె దగ్గరికి జేసి, గ్లాసుతోని గుండ్రంగ కోసి ఓవెన్ల పెడ్త. గంతే. మొన్న పొద్దుగాల ఒక ట్రే జేసిన. సకీనా ఒకటి తిన్నది, ఏమనలే. ఇంకోటి తీస్కున్నది. మా ఇంట్ల ఏమనలేదంటే అదే పెద్ద మెచ్చుకోలు."

"వామాకు దగ్గుకు తింటరు గద?" అన్నాడు మాసయ్య, పాలు కలియబెడుతూ.

"దగ్గు ఏంది మాసయ్యా, ముక్కు గురించి విను! ఆ తర్వాత ఏమైందో తెల్సా? మా పక్కింటి ముసలాయనకు కరోనా వచ్చిన కాడికెల్లి వాసన తెల్వదు. తిరగని దవాఖాన లేదు. నేను ఓవెన్ తలుపు తీసిన్నో లేదో, గోడ అవుతల మంచంలకెల్లి లేచి కూసోని 'బత్తాయి!' అన్నడు. ఆయన బిడ్డ సంతోషానికి ఏడ్సింది. జర సేపాగి 'వామాకు గూడ' అన్నడు."

"మీ పక్కింటికి తాళమే ఉంటది గద?" అన్నాడు మూల స్టూలు మీది వెంకటన్న.

"అవుతల పక్క!" అన్నాడు రజాక్, అటు తిరక్కుండానే. "నిన్న ఒక డబ్బా నిండ పెట్టుకోని బీచుపల్లికి బయలెల్లిన. ఆడ మా దోస్తు యాసర్‌కు కూల్‌డ్రింకుల దుకాణం ఉన్నది, అమ్మి పెడ్తడేమో అడుగుదామని. వనపర్తిల గద్వాల బస్సెక్కిన. పెబ్బేరు దాటి హైవే మీదికి వచ్చినంక, బాగున్నయా నలిగినయా అని డబ్బా మూత వేలంత, ఒక్క వేలంత తీసిన. వాసన కిటికీలకెల్లి బయట పడ్డది. ఎనక వచ్చే లారీ డ్రైవర్ ముందుకు పోవాలె గద? పోదు. మా పక్కపొంటే వస్తుండు, హారన్ గొడ్తుండు, 'భాయ్, అదేంది భాయ్' అంటుండు. ఆయన ఎనక ఇంకోడు, వాని ఎనక ఇంకోడు. కర్నూలు దిక్కుకెల్లి వచ్చే లారీలు గూడ మా దిక్కు తిరిగినయ్."

"నడుమ డివైడర్ ఉంటది," అన్నాడు వెంకటన్న.

"దుంకినయ్ వెంకటన్నా! పన్నెండు చక్రాల లారీ మేకపిల్ల లెక్క దుంకింది, నా కండ్లతోని సూసిన. బ్రిడ్జి కాడికి పొయ్యేసరికి ఇటు కొత్తకోట దాంక, అటు ఎర్రవల్లి దాంక బండ్లే. పోలీసాయన వచ్చిండు, చలాన్ రాద్దామని. వాసన తగిలింది, పెన్ను జేబుల పెట్టుకోని నా పక్కన కూసున్నడు. ఇగ బీచుపల్లి కోతులు ఎట్లుంటయో నీకు ఎరుకే గదక్కా. చేతుల అరటిపండు కనవడితే గుంజుకపోతయ్. నా డబ్బా సూసి గుంజలే. లైన్ల నిలబడ్డయ్! ఆడయి ఒక దిక్కు, మగయి ఒక దిక్కు. ఒక కోతి ఎవరిదో గుంజిన కండ్లద్దాలు తెచ్చి నా చేతుల పెట్టి, బదులు ఒక స్కోను తీస్కపోయింది."

"మరి కోతులకు చాయ్ ఎవరు పోసిండ్రు?" అన్నాడు మాసయ్య.

"నవ్వు, నవ్వు. ఒక్క తునక జారి కృష్ణల పడ్డది. కిందికి సోమశిల కాడ పడవల పొయ్యేటోల్లు దోసిట్ల నీళ్లు ముంచి తాగి, 'ఎవరో బత్తాయి రసం కలిపిండ్రు' అన్నరంట. అది నేను జూడలే, విన్నదే. జూడంది జూసిన్నని చెప్పే అలవాటు నాకు లేదు."

ప్రేమలతక్క చాయ్ ఊదుకుంటూ వింటోంది. నవ్వలేదు, కాదనలేదు. ఆమె మెచ్చుతోందని రజాక్‌కు ధైర్యం పెరిగింది.

"అస్సలు ముచ్చట ఇప్పుడున్నది. ఇగ బస్సు కదలదు. ఎండ మండుతుంది. బస్సు నిండ యాభై మంది, ఆకలికి పరేషాన్, పిల్లలు ఏడుస్తుండ్రు. డబ్బాల సూస్తే కోతులకు పోను ఒక్కటే స్కోను. ఏం జేస్త? బిస్మిల్లా అని తుంచిన. ముందు సీటుకెల్లి ఎనక సీటు దాంక పంచుకుంట పోయిన. అందరు తిన్నరు, కడుపు నిండి తేన్చుతుండ్రు. ఒకాయనైతే ఇంటికి ఫోన్ జేసి 'రాత్రికి నాకు బియ్యం ఎయ్యకు' అన్నడు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? చేతుల సూసుకుంటే ఇంకా సగం మిగిలే ఉన్నది!"

మాసయ్య గరిటె ఆగిపోయింది.

"ఐదు రొట్టెలు ఐదువేల మందికి సాలినయని గిట్లాంటి ముచ్చటే మేము చర్చిల ఇంటం, రజాక్," అంది ప్రేమలతక్క నింపాదిగా. "మంచిగుంది. ఆర్డరు నీకే."

రజాక్ మొహం వెలిగిపోయింది.

"యాభై మందికి ఒకటి సాలిందంటివి. మేము రెండొందల మందిమి. నాలుగు పంపు."

వెంకటన్న నోట్లో చాయ్ బయటికి తుళ్లింది. రజాక్ నవ్వబోయి ఆమె మొహం చూశాడు. ఆమె నవ్వడం లేదు. నాలుగు స్కోన్ల ఆర్డరు పట్టుకుని ఇంటికి పోతే సకీనాబీ మేకల మాట కూడా ఎత్తదు, ఓవెన్ వైపు ఒక్కసారి చూసి ఊరుకుంటుంది. అది ఇంకా కష్టం.

"అక్కా, బస్సు నిండ లేరు," అన్నాడు.

"ఎంతమంది మరి?"

"ఓ పదిమంది ఉండొచ్చు."

"అయితే ఇరవై పంపు."

"పదిమందికి గూడ ఇయ్యలేదక్కా."

"మరి ఎవరికిచ్చినవ్?"

రజాక్ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "డ్రైవరుకు. ఒక్కనికే. బస్సు దిగుడుతోనే కోతులు డబ్బా గుంజుకపోయినయ్. యాసర్ దుకాణం షట్టర్ దించి ఉండె. చేతుల ఒక్కటి మిగిలింది. మల్లొచ్చేటప్పుడు డ్రైవరుకు ఇచ్చిన, ఊకె ఏం తీస్కపోవుడని."

"తిన్నడా?"

"సగం తిన్నడు."

"అయితే మనిషికి సగం సాలు. వంద పంపు."

"గట్ల గాదక్కా!" రజాక్ బెంచీ మీంచి లేచాడు. ఆ గొంతులో ఇందాకటి జోరు లేదు, భయమే ఉంది. "మిగిలిన సగం కాయితంల మడిచి జేబుల పెట్టుకున్నడు. ఏం భాయ్, నచ్చలేదా అని అడిగిన. మా బిడ్డ తింటది అన్నడు. గంతే అన్నడు. ఇది మాత్రం నిజమక్కా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రేమలతక్క గ్లాసు కింద పెట్టింది.

"మా సంఘంల గూడ గట్లనే," అంది. "ఏం పెట్టినా ఆడోల్లు సగం తిని సగం పిల్లలకని కొంగుల కట్టుకపోతరు. మనిషికి రెండు లెక్కన జెయ్యి. ఒకటి ఆడ తిననీకి, ఒకటి ఇంటికి."

రజాక్‌కు మాట రాలేదు. కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకు మాట రాకపోవడం ఆ కొట్టులో అదే మొదటిసారి, మాసయ్య పొయ్యి మంట తగ్గించి మరీ చూశాడు. అయితే అది ఎంతోసేపు నిలవలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటున్న ప్రేమలతక్క వెంట రెండడుగులు వేసి, "అక్కా, ఆ డ్రైవరు బిడ్డ అది తిని ఏమన్నదో తెల్సా?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తింది.

"చెప్పకు. చెప్తే తగ్గిస్త."